ఖాసింబీ టీచరు దిద్దనివ్వని కాగితం

మా వీధిలో ఇస్త్రీ బండి అతను పొద్దున్నే బొగ్గులు రాజేసి, గంజి పెట్టిన నూలుచీర మీద నీళ్లు చిలకరించి పెట్టె ఆనిస్తాడు. ఆ వేడి గంజి వాసన తగిలితే చాలు, అనంతపురంలో మా బడి వరండాలో నిలబడ్డ ఖాసింబీ టీచరు కళ్లముందు కనిపిస్తారు. మాకు సోషల్ పాఠాలు చెప్పేవారు. బుక్కరాయసముద్రంలో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే ఆయన కూతురు. ఉన్నవి మూడే చీరలు. ఏనాడూ ఒక్క ముడత చూడలేదు నేను.

అరవైల మొదట్లో మా బడికీ, హైదరాబాదులో ఒక ఆడపిల్లల బడికీ మధ్య విద్యార్థుల మార్పిడి పెట్టారు. వాళ్ల పిల్లలు పదిమంది మా దగ్గర వారం ఉండాలి, తర్వాత మేం పదిమందిమి రాజధాని చూడటానికి పోవాలి. నేను రాప్తాడు కూలివాళ్ల పిల్లను, హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. వాళ్లు వచ్చింది నడి వేసవిలో. హాస్టలు బావి అడుగంటింది. వచ్చినవాళ్లకు పూటకు రెండేసి బకెట్లు ఇచ్చి, మేం చెంబెడు నీళ్లతో ఒళ్లు తుడుచుకున్నాం. ఆ సంగతి వాళ్లకు తెలియనివ్వొద్దన్నది టీచరే. "సుట్టాలు నీళ్లు పోసుకుంటాంటే మన కరువు సెప్పగూడదు పాపా" అన్నారు.

తర్వాత మా వంతు వచ్చింది. గుంతకల్లులో రైలు మారి, మర్నాటికి హైదరాబాదు చేరాం. చార్మినారు మెట్లెక్కాం, గోలకొండలో కింద చప్పట్లు కొడితే కోట పైన విన్నాం. హుస్సేన్ సాగర్ గట్టు మీద బస్సు దిగగానే అంచుదాకా పరిగెత్తాను. కనుచూపు మేరా నీళ్లే. "టీచర్, ఇన్ని నీళ్లుండాయే, ఈటిని ఎవురు తాగుతారు?" అని అడిగాను. వెంట వచ్చిన సిటీ పిల్లలు పకపకా నవ్వారు. ఆ రోజంతా బస్సులో "ఉండాయే, ఉండాయే" అని ఒకరికొకరు చెప్పుకుని నవ్వుతూనే ఉన్నారు. ఆ తర్వాత రెండు రోజులు నేను నోరు విప్పలేదు. ఎవరేమడిగినా తలూపి ఊరుకున్నాను.

టీచరు కనిపెట్టారు. గాజుల కొట్టుకు నన్నొక్కదాన్నే తీసుకుపోయి ఉర్దూలో బేరమాడారు. కొట్టతను నవ్వి, "మీది ఏ ఊరమ్మా, ఇదేం ఉర్దూ?" అన్నాడు. "అనంతపురం ఉర్దూ" అని టీచరు బేరం కానిచ్చారు. బయటికొచ్చాక నా చేతికి గాజులు తొడుగుతూ, "సూసినావా, నా మాటకూ నవ్వినాడు. నవ్వితే నాకేం పోయె? గాజులైతే ఇచ్చినాడు గదా" అన్నారు.

చివరి రోజు సభ. విద్యాశాఖ ఆఫీసరు వస్తున్నాడు. చూసినదాని గురించి మాలో ఒకరు మాట్లాడాలి. టీచరు నన్నే రాయమన్నారు, ఏం రాశానో మాత్రం అడగలేదు. ఆ బడి పెద్ద టీచరమ్మ నా కాగితం చదివి, ఎర్రసిరాతో నిలువునా గీత కొట్టి, తోటలూ మేడలూ కృతజ్ఞతలూ ఉన్న ఇంకో కాగితం తెచ్చింది. "ఈ యాస స్టేజీ మీద బాగుండదండీ. దీన్ని మా బడి అమ్మాయి చదివేస్తుందిలెండి" అంది.

"పాప అబద్ధం ఏమన్నా రాసిందా?" అని అడిగారు టీచరు.

"అబద్ధమని కాదు..."

"అట్లయితే దిద్దేదానికి ఏముండాదమ్మా? మా పిల్లోల్లు సూడను వచ్చినారు. సూసింది వాళ్ల నోటితోనే సెప్తారు. కాదంటారా, ఇప్పుడే టేసనుకు పోతాం."

ఉత్త మాట కాదది. మా పదిమంది చేతా ట్రంకుపెట్టెలు వరండాలోకి తెప్పించి, వాటి మీదే కూర్చోబెట్టారు. తాను మాత్రం నిలబడే ఉన్నారు. ఆఫీసరు జీపు గేటులోకి వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. జీపు చూసి పెద్ద టీచరమ్మ నా కాగితం నాకిచ్చేసింది.

ఆ కాగితం పట్టుకుని స్టేజీ ఎక్కాను. "మీ చెరువు సూసినా. ఇన్ని నీళ్లు ఎవురు తాగుతారంటే నవ్వినారు. మీరు మా కాడ పూటకు రెండు బకెట్లు పోసుకున్నారు. మేము చెంబుతో సరిపెట్టుకున్నాం. అప్పుడు సెప్పలేదు, ఇప్పుడు సెప్తాండా. మళ్లా రండి, మళ్లా ఆ రెండు బకెట్లూ ఇస్తాం" అన్నాను. చప్పట్లు లేవు. బస్సులో నవ్విన పిల్లల్లో ఒకమ్మాయి మాత్రం ముఖం కొంగులో దాచుకుంది.

రైల్లో టీచరు పక్కన భయంగా కూర్చున్నాను. "నీళ్ల సంగతి సెప్పొద్దంటి గదా?" అన్నారు. నా చేతి గాజులు సర్దుతూ, "సెప్పినావు, మంచి పని చేసినావు. దాచమని నేను సెప్పిందే తప్పు" అన్నారు. తప్పు తనదని పిల్లల ముందు ఒప్పుకున్న పెద్దమనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఊరికి రాగానే అతిథి మర్యాద తప్పారని టీచరుకు విద్యాశాఖ నుంచి నోటీసు వచ్చింది. రెండు ముక్కలు క్షమించమని రాసిస్తే సరిపోతుందన్నారు మా హెడ్‌మాస్టరు. ఆమె రాసింది ఒక్క వాక్యం: "అమ్మాయి చూసినదే చెప్పింది, క్షమాపణకు కారణం కనబడలేదు." ఆ ఏడే ఆమెను జిల్లా అంచునున్న కణేకల్లుకు బదిలీ చేశారు. బస్సు దగ్గర మేం ఏడుస్తుంటే, "ఏమప్పా, కణేకల్లులో ఆడపిల్లోల్లు లేరా? వాళ్లకూ నోర్లుండాయి" అని నవ్వి బస్సెక్కారు. మళ్లీ ఆమెను చూడలేదు.

నేను తాలూకా ఆఫీసులో గుమాస్తానయ్యాను. చదువురానివాళ్లు చెప్తుంటే అర్జీలు రాసిపెట్టేదాన్ని. ఒక కరువు ఏడాది, మేత కోసం ఒక ముసలమ్మ చెప్పిన అర్జీ చూసి పైఅధికారి ముఖం చిట్లించాడు. "ఇదేం భాష, మర్యాదగా మార్చి తీసుకురా" అన్నాడు. "ఆవుల్ని యాడికి తోలేది సామీ, నన్ను ఇంట్లోనుంచి తోలినట్టు వాటినీ తోలలేను గదా" అన్న ఆమె మాటను ఆయనకు మళ్లీ పైకి చదివి వినిపించాను. ఆయన సంతకం పెట్టేదాకా ఆ బల్ల ముందు నుంచి కదల్లేదు.