ఎవరన్నరు బిడ్డా?

మా రాజనీతి శాస్త్రం మేడం పోయారని పొద్దున్నే చిన్నమ్మ ఫోన్ చేసి చెప్పింది. "గుండె నొప్పట బిడ్డా. దవాఖాన దాక గూడ పోలే" అంది. చేతిలో చాయ్ చల్లారిపోయింది.

శంషాబాద్ కాలేజీలో ఆమె దగ్గర చదివిన వాళ్లందరూ ఒకసారైనా చీవాట్లు తినే ఉంటారు. పరీక్ష పేపర్లో "అమెరికా ఇలా అనుకుంది" అని రాస్తే చాలు, ఎర్ర సిరాతో కొట్టేసేవారు. "దేశానికి నోరు ఏడుంది? ఎవరన్నరు బిడ్డా? గది రాయి" అనేవారు.

నేను ఊరుకుంటానా? "పేపరోళ్లు గట్లనే రాస్తరు గద మేడం" అన్నాను.

"అందుకే యుద్ధాలు గంత సులువుగ అయితున్నయి. దేశం కొట్టిందంటే కొట్టినోడు కనబడడు" అన్నారు. రాజ్యాన్ని ఒక మహాకాయుడిగా ఊహించిన తత్వవేత్తల గురించి ఆ రోజే చెప్పారు. ఆ ఊహ పుస్తకంలో ఉన్నంతసేపు బాగానే ఉంటుందట, సరిహద్దు మీదికి వచ్చాకే జనం చస్తారట. మార్కులు మాత్రం వేయలేదు మహాతల్లి.

ఎయిర్‌పోర్టు వచ్చిన కొన్నాళ్లకు తొండుపల్లిలో మా సమాధుల తోట మీదుగా రోడ్డు వేస్తారని తెలిసింది. మా అమ్మ అక్కడే ఉంది. ఊళ్లో మీటింగ్ పెడితే మేడంను బతిమాలి తీసుకెళ్లాను. వచ్చిన అధికారి "పబ్లిక్ మేలు కోసం గవర్నమెంట్ నిర్ణయించింది" అన్నాడు. నాన్న తల దించుకున్నాడు.

మేడం లేచారు. "గవర్నమెంట్‌ల ఎవరు నిర్ణయించిన్రు సార్?"

ఆయన "నేనే సంతకం పెట్టిన మేడం" అన్నాడు.

"ఆ జాగ చూసిన్రా?"

"లేదు."

"జర పోయి చూసొద్దాం రండి. ఈ పిల్ల తల్లి ఆడనే ఉంది. పబ్లిక్ అంటే వీళ్లు గూడ గద."

గొంతు పెంచలేదు, ఎగతాళి చేయలేదు. ఆయన కూడా మంచివాడే. మాతో నడిచొచ్చి, బూట్లు విప్పి, అమ్మ సమాధి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత ప్లాను మారింది. నా తల్లిని నాకు మిగిల్చింది మేడమే. ఆ సంగతి ఎప్పుడెత్తినా "నేనేం చేసిన, అడిగిన అంతే" అనేవారు.

ఆమెను సాగనంపి వస్తూ తోట దగ్గర ఆగాను. గోడ పక్కన రోడ్డు వంపు తిరుగుతుంది. ఫ్లైటుకు ఆలస్యమైందేమో, ఒక క్యాబ్ హారన్ కొట్టుకుంటూ ఉరికొచ్చింది. వంపు దగ్గర వేగం తగ్గించి, అమ్మ పక్క నుంచి మెల్లగా తిరిగి వెళ్లింది.