ఓనరు ముందు చెప్పిన పేరు

సర్వే అంకెలు చదివి బతుకుతున్న నాకు ఆ చదువు నేర్పింది చెప్పులరిగేలా ఇంటింటికీ తిరిగిన ఒక అక్క. ఆమె గుర్తొస్తే ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, మూడో అంతస్తులో ఉండేది మా సర్వే ఆఫీసు. ఒక పార్టీకి మా వైపు కొత్త నాయకుడిగా ఎవరుంటే బాగుంటుందో జనాన్ని అడిగి చెప్పాలి. నలుగురి పేర్లున్న ఫారాలు నా టేబుల్ మీదికి వచ్చేవి. వాటి అర్థమేమిటో రాయడం నా పని. అంతకు ముందు నేను రాసిన రిపోర్టు తలకిందులైంది. ఇదీ తప్పితే వేరే ఉద్యోగం చూసుకోమని మా మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఈసారి ఫారాలు చూస్తే ప్రాణం లేచొచ్చింది. చంపాపేట్, ఎల్బీనగర్ కాలనీల్లో ఒకే పేరు మిగతా ముగ్గురికీ అందనంత ముందుంది. ఒక ఇంట్లో మూడు వాటాలుంటే మూడు ఫారాల్లోనూ అదే పేరు. గాలి ఇటే వీస్తోందని హుషారుగా రాసేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆ ఫారాలు నింపుకొచ్చిన అక్కది నల్గొండ వైపు. చివరి కట్ట ఇవ్వడానికొచ్చి, స్క్రీన్ మీద నేను రాసింది చదివి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

“సార్, గీ మూడు ఫారాలు ఎట్ల నింపిన్నో తెల్సా? గేటు కాడ ఓనర్ నిలబడ్డడు. ముందుగాల ఆయన చెప్పిండు. తర్వాత కిరాయోళ్లను కిందికి పిలిచి, మీరు గూడ చెప్పుండ్రి అన్నడు. ఇంకేం చెప్తరు?”

“వాళ్ళకీ ఆయనే ఇష్టమేమో అక్కా.”

“మీరు గూడ కిరాయికే ఉంటరు గద. మీ ఓనర్ ముందర వేరే పేరు చెప్తరా?”

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ ఉదయమే నీళ్ళ మోటారు దగ్గర మా ఓనరు రాజకీయాలు మాట్లాడుతుంటే, ఒక్క ముక్క నచ్చకపోయినా ‘అవునండీ, అవునండీ’ అని తలూపి వచ్చాను.

రిపోర్టు ఇవ్వడానికి రెండు రోజులే ఉన్నాయి. ఆమె నన్ను వెంటబెట్టుకుని అవే ఇళ్ళకు మళ్ళీ తీసుకెళ్ళింది. గేటు దగ్గర ఆగకుండా, మేడ మీద బట్టలారేసే వాళ్ళతో, కూరగాయల బండి దగ్గర నిలబడ్డ వాళ్ళతో మాట్లాడించింది. కిరాయికుండే వాళ్ళలో చాలామంది ఆ నలుగురిలో ఎవరూ వద్దన్నారు. కొందరు ఆ పేర్లే వినలేదన్నారు.

రిపోర్టు మొత్తం తిరగరాసిచ్చాను. మేనేజరు రెండుసార్లు చదివి మా ఇద్దర్నీ లోపలికి పిలిచాడు.

“ఇది పట్టకపోతే పరువు పోయేది. ఎవరు కనిపెట్టారు?”

నేను నోరు తెరిచేలోపే అక్క అంది. “సారే పట్టిండు సార్. నేను ఫారాలు నింపిన, అంతే.”

మేనేజరు నావైపు మెచ్చుకోలుగా చూశాడు. నా ఉద్యోగం నిలబడింది. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఊరుకుందామనే అనిపించింది. పక్కకు చూస్తే అక్క తల వంచుకుని నిలబడి ఉంది.

“అది ఓనరు ముందు చెప్పిన మాటండీ,” అన్నాను. “లెక్కలోకి తీసుకోకండి. పట్టింది అక్కే.”