నాయనమ్మ తోమిన రివాల్వరు

నా చిన్నప్పుడు, అరవైల చివరి సంగతి, రేపల్లె దగ్గర మా ఊళ్ళో ఎండాకాలం కాలువకు నీళ్ళు ఆపగానే పూడికతీత మొదలయ్యేది. ఆ పనికి బాపట్ల అవతల నుంచి కూలీలు వచ్చేవారు. వాళ్ళలో ఒకాయన తాతముత్తాతలను తెల్లదొరలు దొంగలని ముద్రవేసి, కాపలా పెట్టి ఒక్కచోట ఉంచారట. దొరలు పోయినా ఊరు మాత్రం ఆ మాట మరిచిపోలేదు.

ఒకరోజు పొద్దున్నే ఆయన బురద కొట్టుకుపోయిన రివాల్వరును రెండు చేతులా పట్టుకుని మా అరుగు దగ్గరికి వచ్చాడు. "కాలవలో పారకి తగిలిందండి, మీకిద్దామని తెచ్చానండి" అన్నాడు. తవ్వకంలో ఏది దొరికినా పక్కనున్న పొలం ఆసామికి అప్పగించడం కూలీల పద్ధతి. ఆ పద్ధతి పాటించడమే ఆయన చేసిన పాపం.

మా నాన్న, బాబాయి, మరో ఇద్దరు పెద్దమనుషులు దాన్ని తిప్పి తిప్పి చూశారు. కంపెనీ పేరు లేదు, నంబరు లేదు. ఒకరు ఇంగ్లండు సీమదన్నారు, ఒకరు ఏదో సంస్థానంలో చేయించిందన్నారు. తెనాలిలో చదువుకొచ్చిన మా బాబాయి మాత్రం, నంబరు అరగదీశారంటే దొంగసొత్తేనని తేల్చేశాడు. ఇంకేముంది, ఆయన్ని పశువుల కొట్టంలో గుంజకు కట్టేశారు. మిగతా సొత్తు ఎక్కడ దాచావో చెప్పమని కర్రతో కొట్టారు. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినబడింది. పోలీసులకు కబురు వెళ్ళింది. వాళ్ళు తీసుకెళితే ఆయన మళ్ళీ ఇల్లు చేరడని పిల్లలకు కూడా తెలుసు. నాకు ఏడుపు వచ్చింది కానీ మా నాన్నంటే భయం.

అప్పుడు మా నాయనమ్మ వంటింట్లోంచి వచ్చింది. మగవాళ్ళు మాట్లాడుకునే చోటికి ఆవిడ రావడం నేనెప్పుడూ చూడలేదు.

"నీకెందుకమ్మా, లోపలికెళ్ళు" అన్నాడు మా నాన్న.

ఆవిడ కదల్లేదు. దూరం నుంచే, "పిడికి ఎడంపక్క రాగి మేకు ఉంటది. కడిగి చూడండ్రా" అంది. కడిగారు. ఉంది.

"నంబరు ఏ దొంగా తియ్యలేదు. ఇది మా బావగారిది. ఏటా దసరా పూజకి చింతపండు, ఇటికపొడి పెట్టి తోమింది నేనే. నా చేతుల్లోనే అరిగింది. అప్పట్లో మన పాలేరు పోయింది పాము కరిచి కాదు, ఆయన దీంతో కాలిస్తే. కాలవలో పారేసి రమ్మంటే పారేసిందీ నేనే. ఇంక ఆ మనిషిని విప్పండి."

ఆవిడ బావగారంటే మా పెద్ద తాతయ్య. ఆయన ఫోటోకు మేం రోజూ పూలదండ వేసేవాళ్ళం.

కట్లు విప్పారు. పోలీసులు రివాల్వరు ఒక్కటే పట్టుకెళ్ళారు. అది ఏ దేశంలో తయారైందో వాళ్ళకూ తెలియలేదట. నాయనమ్మ తన చీర చింపి ఆ చేతికి కట్టు కట్టి, "తప్పయిపోయింది నాయనా" అంది. ఆయన వెళ్ళబోతూ, "ఇకమీదట ఏది దొరికినా మట్టిలోనే వదిలేత్తానమ్మా" అన్నాడు.

ఆ చేయి మళ్ళీ పార పట్టలేదని తర్వాత విన్నాం. మా నాన్న నాయనమ్మతో మాట్లాడటం మానేశాడు. ఆవిడ పోయేదాకా మాట్లాడలేదు. అందరూ తిన్నాక ఒక్కతే కూర్చుని అన్నం తినేది. పాలేరు ఎలా పోయాడన్న మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాకు ఇప్పటికీ మా ఇంటి మగవాళ్ళమీద కోపమే.

నాకిప్పుడు అప్పటి నాయనమ్మ వయసు. ఎవరైనా దొరికిన వస్తువు పట్టుకుని మా గుమ్మంలో నిలబడితే, ఎక్కడిదని అడగను. ముందు కుర్చీ వేసి మంచినీళ్ళిస్తాను. ఆ తర్వాత, అది మా ఇంటివాళ్ళే పారేసిందేమోనని చూసుకుంటాను.