చెవుడు లేని పక్కన చోటు

కల్వకుర్తి చుట్టుపక్కల ఏ ముస్లింల ఇంట పెళ్లయినా ఢోలక్ పాటలకు తాహేరా ఉండాల్సిందే. ముప్పై దాటాక ఆమె ఎడమ చెవిలో కీచురాయి అరిచినట్టు హోరు మొదలైంది. పోనుపోను ఆ చెవి వినబడకుండా పోయింది. నడుస్తుంటే తూలేది. చెవి నరం మీద గడ్డ ఉందని, క్యాన్సర్ కాదు గానీ వదిలేస్తే మెదడును నొక్కుతుందని హైదరాబాదులో చెప్పారు. పంతొమ్మిది వందల తొంభై రెండులో ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణం నిలిచింది. పక్కనే ఉన్న ముఖ నరం దెబ్బతిని ముఖం మాత్రం ఎడమవైపు జారిపోయింది. కన్ను మూతపడదు. పెదవులు సరిగా కలవక ప, బ, మ పలకవు. పాట ఆగిపోయింది.

"బతికి బయటపడ్డవు, ఇంకేం ఫికర్?" అనేవారు అందరూ. తాహేరా కొంగు మూతికి అడ్డం పెట్టుకునేది. తనలాంటి మనిషి ఒక్కరు కనబడితే చాలు, అడగాల్సినవి ఎన్నో ఉన్నాయనిపించేది.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నర్సు బెంచీ మీదున్న ఒకామెను చూపించింది. కోస్గి వైపు కూలి పనిచేసుకునే బిక్షమ్మ, అదే ఆపరేషన్. తాహేరా పక్కన కూర్చుని పలకరించింది. జవాబు లేదు. భుజం తట్టాక బిక్షమ్మ తిరిగి చూసింది.

"గా పక్క చెవుడు. గీ దిక్కు రా చెల్లె."

తాహేరాకు నవ్వొచ్చింది. బిక్షమ్మా నవ్వింది. ఇద్దరి మూతులూ చెరో పక్కకు వంగాయి.

"కన్ను మండుతదా అక్కా?"

"మండకేమి! తడిగుడ్డ కట్టుకొని పండుకుంట."

ఇంటికి బయల్దేరేముందు తాహేరా డాక్టరుతో అంది. "మా దిక్కు నుంచి గిట్లాంటోళ్లు ఎవరొచ్చినా మా ఆయన ఆజం సైకిల్ షాపు చెప్పుండ్రి సార్. కల్వకుర్తి బస్టాండు ఎన్కనే."

అట్లా నెలకోసారి అంగడి రోజున షాపు వెనక గదిలో బిక్షమ్మతో కలిపి నలుగురైదుగురు కలిసేవారు. ఎవరికి ఏ చెవి వినబడుతుందో చూసుకుని కూర్చునేవారు.

ఒకసారి మోత్కూర్ నుంచి ఏసోబు వచ్చాడు. గడ్డ ఉందని తెలిసీ ఆపరేషన్‌కు భయపడి తప్పించుకు తిరుగుతున్నాడు.

"మూతి వంకర పోవచ్చు, పోకపోవచ్చు తమ్మీ," అంది తాహేరా కొంగు తీసి. "నన్ను చూడు. అన్నం తింటున్న, పని చేసుకుంటున్న. పో, చేయించుకో."

ఏసోబు ధైర్యం చేశాడు. కొన్ని నెలలకు తిరిగొచ్చాడు. చెవి పోయింది గానీ ముఖం చెక్కుచెదరలేదు. "మీరు చెప్పకుంటే పోకపోదును అక్కా," అని నిండుగా నవ్వాడు. ఆ నవ్వు మీంచి తాహేరా చూపు మరల్చుకోలేకపోయింది.

అతను వెళ్లాక బిక్షమ్మతో మెల్లగా అంది. "సంతోషమే అక్కా. గని నా మూతి గూడ గట్లనే ఉంటే ఎంత బాగుండు."

బిక్షమ్మ ఓదార్చలేదు. "నాకు గూడ గదే అనిపించింది చెల్లె," అంది.

కోస్గి బస్సు వచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.