వాల్వు తిప్పనివాడి సాక్ష్యం

ఈ దీవిలో, బ్రూక్షాబాద్‌లో మా వీధికి కుళాయి నీళ్లు మూడు రోజులకోసారి వస్తాయి. వాటంతట అవి రావు. తెల్లారి అయిదింటికి ఒకడు వెళ్లి వాల్వు తిప్పాలి. ఆ ఒకణ్ణి నేనే, నీళ్ల ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగిని. కాంట్రాక్టు వాళ్ల పేర్లు రిజిస్టర్లో ఉండవు. మా లైను మొత్తానికి అందులో ఉన్న పేరు ఒక్కటే, మా ఆఫీసులోనే పర్మనెంటు ఉద్యోగి అయిన ఎదురింటి అంకుల్‌ది.

ఆ గురువారం నేను నిద్రపోయాను. తుఫాను లేదు, జబ్బు లేదు, ప్రేమ వ్యవహారం అసలే లేదు. అలారం మోగింది, ఆపాను. లేచేసరికి ఎనిమిది. అప్పటికి నీళ్లు వేరే లైనుకి మళ్లిపోయాయి.

"క్యా హువా భయ్యా, పానీ నహీ ఆయా?" అని పక్కింటి బెంగాలీ దీదీ పట్టుకుంది.

"పైపులో గాలి పట్టింది దీదీ," అనేశాను, ఇక్కడ అందరం మాట్లాడుకునే హిందీలో.

మధ్యాహ్నానికి ఆఫీసు బోర్డు మీద 'టెక్నికల్ ప్రాబ్లం' అని నోటీసు పెట్టారు. అది నేనే అని తెలిసి కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

శనివారం ఆ గర్వం దిగిపోయింది. గురువారం నీళ్లెందుకు వదల్లేదని మెమో అంకుల్ పేరు మీద వచ్చింది. ఆయన రిటైర్మెంటుకి రెండు నెలలుంది. మెమో సంగతి తేలేదాకా ఆయన పెన్షన్ కాగితాలు కదలవు. సోమవారం జవాబివ్వాలి. నేను వెళ్తే ఆయన టీ తాగుతున్నారు.

"సర్వీసంతటికీ ఇదే మొదటిదిరా. లామినేషన్ చేయించమంటావా?" అన్నారు.

వాల్వు ఎవరు తిప్పలేదో ఆయనకి తెలుసు. అయినా ఎవరి దగ్గరా నా పేరు ఎత్తలేదు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

సోమవారం దాకా ఆగితే నా ధైర్యం కూడా నిద్రపోతుందని తెలుసు. అందుకే ఆదివారం చర్చిలో, సాక్ష్యాలు చెప్పే సమయానికి కాచుకు కూర్చున్నాను. ముందుగా ఒక ఆంటీ లేచి, కుళాయి రాకపోయినా దేవుడు వాన కురిపించి తన డ్రమ్ములు నింపాడని చెప్పారు. తర్వాత నేను లేచాను. మా వాళ్లకో అలవాటుంది. సాక్ష్యంలో వాక్యం ఆగితే చాలు, "స్తోత్రం" అంటారు. వాక్యం వినక్కర్లేదు.

"గురువారం మన లైనుకి వాల్వు తిప్పాల్సింది నేను."

"స్తోత్రం!"

"తిప్పలేదు."

"స్తోత్రం!"

"నిద్రపోయాను. పైపులో గాలి అన్నది అబద్ధం."

"హల్లెలూయా!"

అప్పటిదాకా సన్నగా మోగుతున్న కీబోర్డు ఆగిపోయింది. వాయించేది మా జూనియర్ ఇంజనీరు గారు. మెమో మీద సంతకం ఆయనదే. ఆ నిశ్శబ్దంలో గాని జనానికి నేను చెప్పింది ఎక్కలేదు.

డ్రమ్ముల ఆంటీ వెనక్కి తిరిగారు. "ఐతే నీ పని దేవుడితో చేయించావన్నమాట!"

బయట చెప్పుల దగ్గర ఇంజనీరు గారు ఒక్క మాటే అన్నారు. "రేపు రాసివ్వు."

రాసిచ్చాను. ఒక్క ముక్క: నిద్రపోయాను.

"ఇంతేనా?"

"గాఢంగా అని కలపమంటారా సర్?"

ఆయన నవ్వలేదు. అంకుల్ మెమో కొట్టేసి, కొత్తది నా పేరు మీద రాసి, పది రోజులు డ్యూటీ ఆపారు. అంకుల్ కాగితాలు ఆ వారమే కదిలాయి.

మళ్లీ డ్యూటీలో చేరిన రోజు తెల్లారుజామున నా అలారం ఇంకా మోగనే లేదు, తలుపు దబదబా మోగింది. తీస్తే అంకుల్, డ్రమ్ముల ఆంటీ, దీదీ. ముగ్గురి చేతుల్లోనూ ఖాళీ బకెట్లు.

"ఉఠో, టెక్నికల్ ప్రాబ్లం!" అని లేపింది దీదీ.