కొలెవా గారి చివరి అక్షరం

ఒకే ఒక్క అక్షరం దిద్ది, ముచ్చటగా ఉన్న భార్యాభర్తలను శంషాబాద్ విమానాశ్రయంలో విడదీయబోయిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

అప్పుడే ఓ యంత్రాల గోదాములో చేరాను. బల్గేరియా నుంచి వచ్చిన ఇంజనీరుకూ, ఆయన భార్యకూ విశాఖకు టికెట్లు తీయమన్నారు. పేర్లు స్తొయాన్ కొలెవ్, ఎలెనా కొలెవా. మొగుడూ పెళ్లాల ఇంటిపేరు ఒకటే కదా, ఎవరో తొందరలో చివర ఇంగ్లీషు ‘ఎ’ ఒకటి ఎక్కువ కొట్టారనుకుని, మహాపండితుడిలా దాన్ని తీసేశాను. పాస్‌పోర్టు నకలు నా ముందే ఉంది. చూస్తే పాండిత్యం ఎలా అవుతుంది?

గేటు దగ్గర ఎలెనా గారిని ఆపేశారు. టికెట్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంకో పేరు. ఆవిడ లేకుండా తానూ వెళ్లనన్నాడు స్తొయాన్. మర్నాడు విశాఖలో ఆయన బాగుచేయాల్సిన యంత్రం, దాని వెనక ఊడబోయే నా ఉద్యోగం కళ్ల ముందు కదిలాయి.

మా డ్రైవరు యాదగిరన్నది ఆ పక్కనే ఉన్న పాల్మాకుల ఊరు. నన్ను పక్కకు పిలిచాడు.

“ఏంది తమ్మీ, ఆమె పేరు నువ్వెందుకు దిద్దినవ్?”

“ఇంటిపేరు ఒకటే ఉండాలి కదన్నా.”

“వాళ్లింటి పేరు వాళ్లకు తెల్వదా?”

టికెట్ల కౌంటరుకు పరిగెత్తాను, వాళ్లూ నా వెనకే వచ్చారు. అక్కడి అమ్మాయి పేరు మారుస్తుంటే స్తొయాన్ శాంతంగా చెప్పాడు: కొలెవ్ అంటే కొల్యో అనే పెద్దాయన వంశంవారు. మగవాళ్లు కొలెవ్, ఆడవాళ్లు కొలెవా.

“మరి స్తొయాన్ అంటే?” అన్నాను, మాట మార్చడానికి.

“నిలిచి ఉండేవాడు. పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఈసారైనా బతకాలని మా తాతకు పెట్టారు. ఆయన పేరే నాది.”

ఆ మాట నేను తెలుగులో చెబితే యాదగిరన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు. “మా తాత పెంటయ్య. పుట్టంగనే పెంటకుప్ప మీద పండబెట్టి, గట్లనే బతకాలని ఆ పేరు పెట్టిన్రు సార్.”

కొత్త టికెట్లు వచ్చాయి. పోయిన ప్రాణం లేచి వచ్చింది. స్తొయాన్ తన టికెట్ చూసి మీసాల్లో నవ్వాడు.

“ఇప్పుడు నన్ను ఆడదాన్ని చేశావు.”

కంగారులో నేను ‘ఇద్దరికీ ఎ పెట్టండి’ అన్నానట. ఆ అమ్మాయి నిట్టూర్చి మళ్లీ దిద్దింది. ఇద్దరూ చేతులూపుతూ లోపలికి వెళ్లాక, నేను అక్కడే నేలమీద కూలబడి రెండు సీసాల నీళ్లు తాగాను.

ఆ క్షణాన ప్రతిజ్ఞ చేశాను: ఎవరైనా తన పేరును తలకిందులుగా రాసుకున్నా సరే, నా తల వంచి చదువుకుంటాను తప్ప, కలం తియ్యను.