చల్లారని సెట్ల మీద సంతకం

మా మేనకోడలిని ఆస్పత్రిలో అందరూ వెనకాల కొలబద్ద అంటారు. ముఖం మీద అనే ధైర్యం ఒక్కరికే ఉంది, దాని స్నేహితురాలికి. ఆ స్నేహితురాలిని గలగల అంటారు. ఎందుకంటారో ఆ పిల్లతో రెండు నిమిషాలు కూర్చున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

పదకొండేళ్లుగా ఇద్దరిదీ ఒకే చోట పని. ఆస్పత్రి అడుగు అంతస్తులో ఆవిరి గది ఉంది. ఆపరేషన్లకు వాడే కత్తెరలూ పట్టకార్లూ అక్కడ కడుగుతారు. కడిగినవాటిని ఆకుపచ్చ గుడ్డలో రెండు చుట్లు చుట్టి ఆటోక్లేవ్ అనే పెద్ద ఆవిరి పెట్టెలోకి తోస్తారు. అలా చుట్టిన మూటను సెట్ అంటారు. మూట మీద అంటించిన టేపు గీతలు నల్లబడితే వేడి తగిలినట్టు. కడిగే వైపు గలగలది, ఆవిరి వైపు మా పిల్లది. సెట్లు చల్లారి అరల్లోకి వెళ్లాక రిజిస్టర్‌లో సంతకం పెట్టేది మా పిల్లే. నేను చదివింది మూడో తరగతి. అయినా ఆ సంతకాన్ని ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాను.

నేనూ ఆ ఆస్పత్రి మనిషినే. ఆవిరి గది పక్కనే ఉన్న లాండ్రీలో ఇరవై ఆరేళ్లు చేశాను. నేను ఇస్త్రీ చేసిన దుప్పటిలో ముడత చూపించినవాడు లేడు. చూపించానని ఎవరైనా అంటే వాడు అబద్ధాలకోరు. తమ్ముడూ మరదలూ ఒకే ఏడాది పోతే, తొమ్మిదేళ్ల పిల్లను తెచ్చుకుని ఆ లాండ్రీ జీతం మీదే పెంచాను. నాకు పెళ్లి కుదరలేదంటారు. నేనే కుదరనివ్వలేదు. ఆ సంగతి ఇప్పుడు అనవసరం.

ఆ ఏడాది ఆవిరి గది ఇన్‌చార్జి రిటైరయింది. ఆ కుర్చీ మా పిల్లకేనని మేట్రన్ నోటితో అనేసింది. శుక్రవారం ఆర్డరు ఇస్తానంది. అదే వారం ఇంకోటి కూడా వచ్చి పడింది. ముప్పై అయిదేళ్లు వచ్చాక మా పిల్ల ప్రేమలో పడింది. అతను ఆస్పత్రి బాయిలర్ మెకానిక్. ఆవిరి పంపేది అతను, అందుకునేది ఇది. ఇంత కుదిరిన సంబంధం నేను వెతికినా తేలేనని నవ్వాను కూడా. అతని తల్లి బడిలో పంతులమ్మగా చేసి మానేసిన మనిషి. పిల్లను చూడాలి, గురువారం సాయంత్రం ఆరింటికి తీసుకురా అందట. ఆరంటే ఆరేనట.

గురువారం చివరి లోడు అయిదున్నరకు దిగింది. ఇరవై రెండు సెట్లు. ఇక్కడ ఒక నియమం ఉంది. పెట్టెలోంచి దిగిన సెట్లు గంటసేపు ట్రాలీ మీదే ఉండాలి. ఎవరూ చెయ్యి వేయకూడదు. వేడి గుడ్డను చల్లటి ఇనుము మీద పెడితే అడుగున చెమట పడుతుంది. ఆ తడి బల్ల మీది మురికిని పట్టుకుని గుడ్డలోకి, గుడ్డలోంచి కత్తెర మీదికి ఎక్కుతుంది. తెల్లారేసరికి అంతా ఆరిపోయి ఏమీ జరగనట్టు ఉంటుంది. ఈ సంగతి లాండ్రీలో పనిచేసిన ఏ ఆడదానికైనా తెలుసు. గిన్నెలు కడిగినట్టు కత్తెరలు కడిగే వైపున్నవాళ్లకు అంతగా తెలియదు.

ఆరింటికి అక్కడ ఉండాలి. గంట ఆగితే ఆరున్నర. మా పిల్ల పదకొండేళ్లలో చేయని పని ఆ రోజు చేసింది. రిజిస్టర్‌లో ఆరున్నర అని టైము వేసి, చల్లారాయని ముందే సంతకం పెట్టింది. గంట తర్వాత అరల్లో పెట్టమని గలగలకు అప్పగించి వెళ్లిపోయింది.

మర్నాడు ఉదయం ఆరున్నరకు గలగల మా ఇంటికి వచ్చింది. రోజూ వస్తుంది, ఇద్దరూ కలిసి డ్యూటీకి వెళ్తారు. పెళ్లికూతురి కబుర్లు చెప్పమని నన్ను తొలిచింది. కాబోయే అత్తగారు పెళ్లయ్యాక నైట్ డ్యూటీలు చేస్తావా అని అడిగిందనీ, చేస్తానని మా పిల్ల మొహమాటం లేకుండా చెప్పిందనీ చెప్పాను. తర్వాత గలగల తన గొప్ప మొదలుపెట్టింది. వాళ్లాయన తాళంచెవి మరిచిపోయి గుమ్మం ముందు నిలబడి ఫోను మీద ఫోను చేశాడట. గంట ఎక్కడ ఆగుతాం అని పావుగంటలోనే సెట్లన్నీ కిటికీ పక్క స్టీలు బల్ల మీద పరిచి ఫ్యాను వేసిందట. ఇట్టే చల్లారాయట, అరల్లో సర్దేసి ఇంటికి పోయిందట.

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. నేను నోరు మూసుకుంటే చాలు, సాయంత్రానికి ఆర్డరు చేతికొచ్చేది. నోరు మూసుకోవడం ఈవిడకు చేతకాదని మా వీధంతా అంటుంది. ఆ ఉదయం ఒక నిమిషం మూసుకున్నాను. మంచి చెడ్డలు తూచడానికి కాదు. ఆ కుర్చీలో దాన్ని చూసుకోవాలని.

తల దువ్వుకుంటూ గుమ్మంలో నిలబడిన మా పిల్ల అంతా విన్నది.

"కింద గుడ్డేమైనా పరిచావా?" అంది.

"దేనికి? టేపు నల్లబడిందిగా" అంది గలగల.

మా పిల్ల దువ్వెన పక్కన పెట్టింది. "అత్తా, చెప్పులేసుకో. నువ్వూ రావాలి."

గలగల మాట్లాడకుండా ఆస్పత్రి దాకా నడవడం నేను చూడటం అదే మొదటిసారి. మేము చేరేసరికి ఏడూ పది. మొదటి ఆపరేషన్ ఎనిమిదింటికి. అరల దగ్గరికి వెళ్లి లెక్క చూస్తే పద్దెనిమిదే ఉన్నాయి. నాలుగు సెట్లు ఏడింటి ట్రాలీలో పై అంతస్తు థియేటర్‌కు వెళ్లిపోయాయి.

మా పిల్ల ఒక్కో సెట్టూ తెచ్చి, సెట్లు బయటికి అందించే కిటికీ దగ్గర నా ముందు పెట్టింది. బయటివాళ్లు ఆ గది గడప దాటకూడదు. ఎటూ ఆ లోడు వాడేది కాదు గనక నన్ను తాకనిచ్చింది. అడుగు భాగం వెలుతురుకు పట్టి చూశాను. నీళ్లు ఆరిన చోట గుడ్డ మీద సన్నటి చార పడుతుంది, గోరంత ఉన్నా నా కంటికి దొరుకుతుంది. వేలితో నిమిరాను. ఒకటి, రెండు, అయిదు, తొమ్మిది. ఎక్కడా చార లేదు. పొడిగా, కరకరలాడుతూ ఉన్నాయి.

గలగల ఊపిరి వదిలింది. ఏమీ కాలేదు కదా, అనవసరంగా ప్రాణాలు తోడేశావు అంది. తనది కాంట్రాక్టు ఉద్యోగమనీ, వచ్చే నెలలో రెన్యూ చేయాలనీ, ఇది బయటికొస్తే గుమ్మం బయటేననీ గుర్తు చేసింది. నీ ఆర్డరు ఇవాళే కదే అని చివర్లో మెల్లగా అంది. నాకూ అదే మాట నాలుక చివరి దాకా వచ్చింది.

మా పిల్ల నా వైపు తిరిగింది.

"అత్తా, ఒకటి అడుగుతాను. ఆ ఇరవై ఆరేళ్లలో వేడి దుప్పటి తెచ్చి చల్లటి ఇనుప బల్ల మీద పెట్టి, ఒక్కసారైనా పొడిగా ఎత్తావా?"

నా కళ్లకు చార కనిపించలేదు, నిజం. దాన్ని పట్టుకుని వేలాడదామనుకున్నాను. కానీ అది అడిగింది నా కళ్ల గురించి కాదు, నా పని గురించి. పని దగ్గర నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు.

"లేదు" అన్నాను.

అది వెంటనే థియేటర్‌కు ఫోను చేసింది. ఎంగేజ్. మళ్లీ చేసింది. మళ్లీ ఎంగేజ్. గోడ గడియారంలో ఏడు ముప్పై అయిదు. అంతలో బాయిలర్ అబ్బాయి వచ్చాడు. మేము వచ్చిన తీరు వరండాలో ఎవరో చూసి చెప్పారట. రెండు ముక్కల్లో సంగతి విన్నాడు. తెలివైనవాడు, ఆ రెండు ముక్కలకే దారి కనిపెట్టాడు.

"ఆవిరి లైన్లో నీళ్లొచ్చాయని నా బాయిలర్ బుక్కులో రాస్తాను. ఆవిరి తడిగా వచ్చిందంటే లోడంతా వెనక్కొచ్చేస్తుంది. ఎవరి పేరూ రాదు. పైపు మీద పోతుంది."

పేషెంటుకు ప్రమాదం తప్పుతుంది. గలగల ఉద్యోగం నిలుస్తుంది. మా పిల్లకు కుర్చీ దక్కుతుంది. తప్పు మోసేది ఒక ఇనుప పైపు. నాకు ఆ అబ్బాయి మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. గలగల రెండు చేతులూ జోడించేసింది.

మా పిల్ల ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అతన్ని చూసింది. "నిన్న అదే ఆవిరితో ఇంకో ఏడు లోడ్లు దిగాయి. వాటితో నిన్ననే ఆపరేషన్లయ్యాయి. ఆవిరే తడిదని రాస్తే వాళ్లందరినీ పిలిచి ఏం చెప్తావు?"

అతను గోడ మీది ఆవిరి పైపు వంక చూశాడు.

"నీ బుక్కు జోలికి పోకు" అని ఫోను పెట్టేసి మెట్ల వైపు పరుగెత్తింది. లిఫ్టు కోసం ఆగలేదు.

నా మోకాళ్లు మెట్లెక్కవు. నేనూ గలగలా ఆ అబ్బాయీ అక్కడే నిలబడ్డాం. గడియారం ముల్లు జరుగుతుంటే శబ్దం వినపడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఎనిమిదికి నాలుగు నిమిషాలుంది. ఎనిమిది అయింది. గలగల కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది.

పైన ఏమయిందో తర్వాత తెలిసింది. టేబుల్ మీద ఒక పెద్దాయన. మత్తు ఇంజెక్షన్ అప్పటికే ఇచ్చేశారు. నర్సు సెట్ పై చుట్టు విప్పింది, లోపలి చుట్టు మీద చెయ్యి పెట్టింది. మా పిల్ల తలుపు దగ్గర నిలబడి ఆపమంది. లోపలికి అడుగు పెట్టలేదు, మాసిన బట్టలతో పెట్టకూడదు. సర్జన్ కాసేపు నోటికొచ్చినట్టు తిట్టాడట. అది విన్నదట, నాలుగు సెట్లూ తెమ్మని చేతులు చాపిందట.

ఎనిమిదీ పదికి మేట్రన్ దాని వెనకాలే దిగింది. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు, అదే భయం. రిజిస్టర్ తెరిచి సంతకం మీద వేలు పెట్టింది.

"ఆరున్నరకు నువ్విక్కడ ఉన్నావా?"

"లేను. అయిదున్నరకే సంతకం పెట్టి వెళ్లిపోయాను."

"మరి సెట్లు తీసిందెవరు?"

"చల్లారాయని రాసింది నేను. తప్పు అక్కడే ఉంది."

గలగల అక్కడే ఉంది, కుళాయి వంకే చూస్తూ. నేను నోరు తెరవబోయాను. మా పిల్ల నా వైపు చూసిన చూపుకు తెరిచిన నోరు మూతపడింది. బాయిలర్ అబ్బాయి గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు.

లోడు మళ్లీ ఆవిరికి ఎక్కింది. పెద్దాయనకు పన్నెండింటికి ఆపరేషన్ చేశారు. ఆయనకేమీ కాలేదు. ఆ సెట్‌తోనే చేసినా ఏమీ కాకపోయేదేమో, అది ఎవరికీ తెలియదు. సాయంత్రానికి ఆర్డరు వచ్చింది, పై అంతస్తు నర్సు పేరుతో. మా పిల్లకు మెమో వచ్చింది. ఆ కొత్త ఇన్‌చార్జికి ఆటోక్లేవ్ తలుపు ఎటు తిప్పాలో నేర్పింది కూడా ఇదే. నేర్పి ఇంటికొచ్చిన రోజు చెప్పులు కూడా విప్పకుండా నిద్రపోయింది.

బాయిలర్ అబ్బాయి నాలుగు రోజులు కనిపించలేదు. అందరి ముందూ తన మాట తీసేసిందని కోపమేమో అనుకున్నాను. కోపమే. అయిదో రోజు వచ్చి, కూర్చోకుండానే చెప్పాడు. జరిగిందంతా ఇంట్లో చెబితే వాళ్లమ్మ అతన్నే తిట్టిందట. "గంట ఆలస్యంగా వస్తానంటే నేను తలుపేసుకుంటానా? ఆ మాట ఆ పిల్లకు ఎందుకు చెప్పలేదురా" అందట. మా పిల్ల మొదటిసారి తల వంచుకుంది. ఆవిడకు ఫోను చేసి నేనే అడగాల్సింది అంది. తర్వాత ఇద్దరూ వరండాలో చాలాసేపు నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. ప్రయత్నం మాత్రం చేశాను.

గలగల మా గడప తొక్కక మూడు వారాలయింది. ఆవిరి గదిలో కూడా ఇద్దరి మధ్యా పని మాటలేనట. ఒకవేళ వస్తే నాలుగు దులుపుదామని నేను మాటలు పోగేసుకుని కూర్చున్నాను. నాలుగో వారంలో ఒక ఆదివారం పొద్దున తలుపు తోసుకుని వచ్చింది. నా మొహం కూడా చూడకుండా మా పిల్ల ఎదురుగా నిలబడింది.

"మేట్రన్‌కు చెప్పేశాను. బల్ల మీద పరిచింది నేనేనని."

మా పిల్ల మొహం ఎర్రబడింది. "ఎవరు చెప్పమన్నారే నిన్ను? అయిపోయిందాన్ని మళ్లీ ఎందుకు కెలికావు? కాంట్రాక్టు ఏమైంది?"

"ఏడాదికి బదులు మూడు నెలలకే ఇచ్చారు."

"బుద్ధుందా? నోరు మూసుకునుంటే..."

"ఆ, మూసుకుంటాను. నువ్వు మెమో తీసుకుని మహాతల్లివైపో, నేను రోజూ నీ మొహం చూస్తూ కత్తెరలు తోముకుంటాను. నన్ను అడిగావా? నా తప్పు నీ నెత్తినేసుకోమని నేనేమైనా అడిగానా?"

"సంతకం నాది."

"బల్ల నాది. కొలబద్దవు కదా, కొలిచి చెప్పు ఎవరిది పెద్దదో."

గలగల ఊరుకోలేదు, వాళ్లాయన తాళంచెవి దగ్గర్నుంచి మొదలుపెట్టింది. మా పిల్ల గొంతు కూడా లేచింది. పదకొండేళ్ల లెక్కలు బయటికొచ్చాయి. ఎప్పుడో మార్చుకున్న డ్యూటీలు, చెప్పకుండా తీసుకున్న సెలవు, బాయిలర్ అబ్బాయి సంగతి తనకు అందరికన్నా చివర్న చెప్పిందన్న గలగల ఉక్రోషం. నేను పోగేసుకున్న మాటలు నా దగ్గరే మిగిలాయి. వీధిలోకి వినపడుతోందని లేచి తలుపేశాను. నేను మాత్రం బయటికి పోలేదు.